నాన్న పరుపులోని దూది

హలో… ఆ, నేనే.

…అమ్మ ఫోనే అక్కా. అమ్మ వాకిట్లో ఉంది, నేను తీశాను.

…బానే ఉన్నాను.

…లేదు, ఏడవలేదు. జలుబు.

…నిజంగా జలుబే. నిన్నంతా నడుం లోతు నీళ్ళల్లో నిలబడ్డాం కదా.

…ఇంకా గట్టిగా మాట్లాడలేను. పెరటి మెట్టు మీద కూర్చున్నాను. వినపడుతోందా? …మీ ఫ్యాక్టరీలో భోజనాల టైమా? ఎంతసేపుంది నీకు? …అరగంట. సరే.

…ఇంట్లో ఎవరెవరున్నారా? చెప్తా ఉండు. అమ్మ బట్టలు ఉతుకుతోంది. పొద్దున ఉతికినవే మళ్ళీ ఉతుకుతోంది. బాబాయి ముందుగదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు, నిద్రయితే పోవట్లేదు. పిన్ని వంటగదిలో గిన్నెలు తోముతోంది, చప్పుడు రాకుండా. …అవును, ఎప్పుడూ గిన్నెలు మోగించే మన పిన్నే. నువ్వే ఊహించుకో, ఇల్లెలా ఉందో. తాతయ్య తన గదిలో ఉన్నాడు, తలుపేసుకుని. ఇంక నేను. అంతే.

— ఆ, పనిముట్ల పెట్టె. తాతయ్య గది బయట పెట్టి ఉంది. దాన్ని కూడా లెక్కలో వేసుకో. పొద్దున్నుంచీ అందరూ మనిషిని తప్పుకున్నట్టు దాన్ని తప్పుకుని నడుస్తున్నారు.

…చిన్న మేస్త్రి వస్తున్నాడు. మూడింటికి. దాన్ని తీసుకెళ్ళడానికి.

…ఆయనే. తాతయ్య దగ్గర పని నేర్చుకున్న ఆయన. తాతయ్యే కబురు పెట్టాడు. ‘ఉలులు, సుత్తులు, చిత్రిక, అన్నీ పట్టుకెళ్ళు. నాకింక వాటితో పని లేదు’ అని.

…అమ్మ నీకేం చెప్పింది?

…పడవ మునిగిందని. ఇంకా?

…‘మీ తాతయ్య చేతులు పోయాయి’ అందా.

…అమ్మ కూడా అందా.

…ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

…చెప్తానక్కా. మొదట్నుంచీ చెప్తాను. మధ్యలో గబగబా అడక్కు, అడిగితే నాకు మాట ఆగిపోతుంది. నీకు తెలుసుగా.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళేటప్పటికి నాన్న పడవ ఇంకా షెడ్డు వెనక బోర్లా పడి ఉంది కదా. …ఆ, కోడి దాని కిందే గుడ్లు పెట్టేది. నాన్న పోయాక మూడేళ్ళు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎండకి చెక్క ఎండిపోయి, పలకకీ పలకకీ మధ్య చిటికెనవేలి గోరు దూరేంత సందులొచ్చాయి. బాబాయి కట్టెల వాడికిచ్చేద్దాం అన్నాడు. తాతయ్య ఒప్పుకోలేదు. ‘నేను కట్టిన పడవ. నేనింకా పోలేదుగా’ అన్నాడు. బాబాయి ఏమనుకున్నాడో, ‘సరే, నువ్వు బాగు చేస్తే నేను నడుపుతా. ఇంకొకరి పడవలో కూలికి వెళ్ళడం మానేస్తా’ అన్నాడు.

…డబ్బులెక్కడున్నాయి? అందుకే ఇంట్లోవన్నీ పడవలోకి వెళ్ళాయి. స్కూల్లో విరిగిన బెంచీలు పారేస్తుంటే సార్‌ని అడిగాను.

…నేనే. నవ్వకు. ముందు చీటీ రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి నా చేతిలోనే పెట్టి, ‘ఇప్పుడు నోటితో అడుగు’ అన్నారు. అడిగేసరికి చెవులు వేడెక్కిపోయాయి.

మేకులేమో, పాత పెట్టెల్లోంచి పీకినవి. రాయి మీద పెట్టి సుత్తితో ఒక్కొక్కటీ తిన్నగా చేశాను. బొటనవేలి గోరు ఇప్పటికీ నల్లగానే ఉంది. రంగు ఏదో ఆఫీసు గేటుకి వెయ్యగా మిగిలింది, రెండు డబ్బాల్లో రెండు రంగులు. కలిపితే వచ్చినదానికి పేరు లేదు. ‘కుళ్ళిన దోసకాయ’ అన్నాడు బాబాయి. అడుగుకీ పక్కలకీ పలకలేమో తలుపులు.

…మన తలుపులే అక్కా. స్నానాల గదిది ఒకటి, అమ్మ గదిది ఒకటి. స్నానాల గదికి ఇప్పుడు గోనెపట్టా వేలాడుతోంది. పిన్ని లోపలికెళ్తే పాట పాడుతుంది, ఎవరూ రాకుండా. …ఆ, ఆ గొంతు విన్నాక ఎవరొస్తారు. లోపలి గదుల్లో తలుపు మిగిలింది తాతయ్య గదికొక్కదానికే.

…ఆ, అప్పుడు బాగుండేది. అందరం నవ్వుకునేవాళ్ళం.

ఇంక దూది.

…పలకల మధ్య సందుల్లోకి. దూదిని తాడులా పేని, సందులో పెట్టి, మొద్దు ఉలితో కొట్టి కూరతారు. దాని మీద గుగ్గిలం, నూనె కాచిన ముద్ద పూస్తారు. నీళ్ళు రాకుండా. దానికి మంచి నూలు కొనాలట. కొనలేమని తాతయ్య లెక్క చూస్తుంటే అమ్మ మాట్లాడకుండా లోపలికెళ్ళి, నాన్న పరుపు తెచ్చి షెడ్డులో పెట్టింది.

…అదే. హాస్పిటల్ నుంచి తీసుకొచ్చాక పడుకున్నది.

…నాకూ అలాగే అయింది. అమ్మే బ్లేడుతో కుట్లు కోసింది. నేను పేనాను. తాతయ్య కొట్టాడు. చెయ్యి వణుకుతుంది అక్కా, అది నిజమే. టీ గ్లాసు పట్టుకుంటే సగం ఒలుకుతుంది. కానీ సుత్తి పట్టుకుంటే వణకదు. నేను పక్కనే కూర్చుని చూశాను. రాసుకున్నాను కూడా.

…నోటుబుక్కులో. అందుకేగా నన్ను గుమాస్తా అంటాడు. ‘ఏం గుమాస్తా, ఇవాళ్టి పని రాసుకున్నావా? తప్పు రాశావంటే జీతం కోస్తా’ అని.

…ఉండు, ఒకటి చదువుతాను. నా ఒళ్ళోనే ఉంది. ‘తాతయ్య ఇవాళ చెప్పింది. ఎండిన పడవ దాహంతో ఉన్న మనిషిలాంటిది. నీళ్ళలో దించగానే తాగుతుంది, తాగి ఉబ్బుతుంది. అందుకని దూది వదులుగా కూరాలి. చెక్క ఉబ్బడానికి చోటు వదలాలి. మొదటి రెండు రోజులు నీళ్ళు కారతాయి. కారనివ్వాలి. తోడుకోవాలి. మూడో రోజుకి చెక్కే సందు మూసుకుంటుంది. చోటు వదలకుండా బిగించేస్తే మాత్రం అది ఊరుకోదు. మేకుల్ని పీకుతుంది.’

…నా రాతే. కింద గీత కూడా గీశాను, ఎర్రపెన్నుతో.

…వస్తున్నా. అక్కడికే వస్తున్నా.

దూది కొట్టడం అయిపోయింది. ముద్ద పూయడం ఇంకా మొదలుపెట్టలేదు. చూస్తే దూది మిగిలింది. దిండు గలీబు నిండేంత మిగిలింది. అమ్మ చూసి, ‘అది చెత్తలో వేసెయ్. నాకు కనపడకూడదు’ అంది.

…కోపంగా కాదు. మొహం అటు పెట్టుకుని అంది.

సరే అన్నాను. చెత్తకుప్ప దాకా తీసుకెళ్ళాను. అక్కడ చేపల పొట్టు, పగిలిన సీసాలు, మధ్యలో ఒక కుక్క పడుకుని ఉంది.

…వెయ్యలేకపోయాను.

…వాసనక్కా. మూడేళ్ళయినా పోలేదు. పైపైన మందుల వాసన. మొహం దగ్గరికి తెచ్చుకుంటే లోపల నాన్న తలనూనె వాసన.

…ఏడవకు. నువ్వేడిస్తే నేను చెప్పలేను.

…ఇంట్లో దాచడానికి లేదు కదా, అమ్మకి కనపడకూడదంది. అప్పుడనిపించింది. నాన్నది నాన్న పడవలోనే ఉంటే ఏమవుతుందని. రోజూ నీళ్ళ మీదకి వెళ్తాడు కదా అని. కొంచెం కొంచెంగా కూరితే ఏం కాదులే అని.

…నేనే. ఎడమ పక్క. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. అప్పటికి స్కూలుకి సెలవులిచ్చేశారు. తాతయ్య అన్నం తిని కాసేపు నడుం వాల్చేవాడు, ఆ టైములో షెడ్డుకి వెళ్ళేదాన్ని. తాతయ్య కూరిన దాని మీదే ఇంకో వరస, దాని మీద ఇంకోటి. సుత్తి వేస్తే రాయి మీద వేసినట్టు మోగేది, అంత బిగుసుకుంది. నాకు బాగుందనిపించింది. అంత గట్టిగా ఉంటే ఒక్క చుక్క కూడా రాదు కదా అని.

…గుర్తుంది. రాసుకున్నది మర్చిపోయానని చెప్పను. గుర్తుండే చేశాను.

…కుడి పక్కకి సరిపోలేదు. ఎడమ పక్కకే అయిపోయింది దూది. ఆఖరి పీచు దాకా పెట్టాను. గలీబు ఉతికి ఆరేశాను.

…తాతయ్యకెలా తెలుస్తుంది? ముద్ద పూసింది నేనూ పిన్నీ. తాతయ్యకి అంతసేపు నడుం వంగదు. ముద్ద పూశాక అన్నీ ఒకలాగే కనపడతాయి.

…ఇంకా అవలేదు.

ఆదివారం పొద్దున దించారు. దుంగల మీద దొర్లిస్తూ తోశారు. పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చారు. అమ్మ రాను రాను అంటూనే వచ్చి చివర నిలబడింది. బాబాయి ఎక్కి కూర్చున్నాడు. నవ్వాడక్కా. నాన్న పోయాక బాబాయి అలా పళ్ళన్నీ కనపడేలా నవ్వడం అదే మొదటిసారి.

కుడి పక్కనుంచి నీళ్ళు రావడం మొదలైంది, తాతయ్య చెప్పినట్టే. సన్నగా, కన్నీళ్ళు కారినట్టు. ఎడమ పక్క మాత్రం పొడిగా ఉంది. వచ్చినవాళ్ళందరూ చెయ్యి పెట్టి చూస్తున్నారు. ‘మేస్త్రీ, ఈ వయసులో కూడా చెయ్యంటే నీదే’ అంటున్నారు. తాతయ్య నవ్వలేదు. ఎడమ పక్క పలకల మీద అరచెయ్యి ఆనించి, అలాగే నిలబడిపోయాడు.

తర్వాత నన్ను పిలిచాడు.

…ఇది నేను నోటుబుక్కులో కూడా రాయలేదు.

…చెప్తున్నా.

‘గుమాస్తా, ఈ పక్క తాగట్లేదేంటి? నువ్వేమైనా కూరావా?’ అని అడిగాడు. మెల్లగా, నాకొక్కదానికే వినపడేట్టు.

…లేదన్నాను.

…లేదని తల ఊపలేదు అక్కా. నోటితో అన్నాను. ‘లేదు తాతయ్యా’ అని.

…ఎందుకంటే… అంతమంది ఉన్నారు. బాబాయి నవ్వుతున్నాడు. అమ్మ చూస్తోంది. దూది చెత్తలో వెయ్యలేదని అమ్మకి తెలుస్తుంది. ఏమో. నోట్లోంచి వచ్చేసింది.

తాతయ్య నా మొహం చూశాడు. ‘నువ్వు లేదంటే లేదు’ అన్నాడు. మళ్ళీ అడగలేదు.

…అవును. అప్పుడు చెప్పుంటే సాయంత్రానికి ఒడ్డుకి లాగేవాళ్ళు. దూది పీకి మళ్ళీ వదులుగా కూరేవాడు. రెండు రోజుల పని. అంతే. రెండు రోజులు.

…సోమవారం ఏం కాలేదు. కుడి పక్క కారుతూనే ఉంది. బాబాయీ నేనూ తోడుతున్నాం. వాళ్ళ యజమానికి పనిలోకి రానని కూడా చెప్పేసి వచ్చాడు బాబాయి. నిన్న పొద్దున కుడి పక్క ఆగిపోయింది. మూడో రోజు. సరిగ్గా తాతయ్య చెప్పిన రోజుకే. ‘చూడండి, మూసుకుంది’ అని అరిచాను నేను. నేనక్కా, అరిచాను.

అప్పుడే చప్పుడొచ్చింది. ఎండుకర్ర మోకాలికేసి విరిచినట్టు. అందరం ఆగిపోయాం. ఇంకోటి. ఇంకోటి. ఎడమ పక్క మేకులు తలలు పైకెత్తాయి, వరసగా. నేను తిన్నగా చేసినవే. స్నానాల గది తలుపు పలక బయటికి ఎగదన్నింది. మనం చిన్నప్పుడు దాని మీద బొగ్గుతో గీసిన ఎత్తు గీతలున్నాయి కదా… ఆ పలకే. నీళ్ళు ఒక్కసారి లోపలికి వచ్చేశాయి. బాబాయి దూకాడు. పడవ ఎడమ పక్కకి ఒరిగి, కూర్చుండిపోయింది.

…ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

…లాగారు. సాయంత్రం దాకా లాగారు. లోపలి వంపుకర్రలు ఐదు నిలువునా చీలిపోయాయి. అవి మార్చడం అంటే కొత్త పడవ కట్టినట్టేనట. ఎల్లుండి కట్టెల వాడు వస్తాడు.

…బాబాయా? ఒడ్డు మీద అందరి ముందూ అరిచాడు. ‘వణికే చేతులతో ఎందుకు నాన్నా, ఎందుకు? ఊరుకోమంటే ఊరుకున్నావా?’ అని. తర్వాత తనే ఇసకలో కూర్చుని తల పట్టుకున్నాడు.

తాతయ్య తన చేతులు రెండూ ఇలా తిప్పి చూసుకున్నాడు. ‘దెబ్బ ఎంత బరువు పడుతోందో చేతికి తెలియలేదురా. తప్పు నాదే’ అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. పక్కనే. తడి బట్టలతో.

…ఏం అన్లేదు నేను.

…అన్లేదక్కా.

…రాత్రి అన్నం దగ్గర కూర్చోలేదు తాతయ్య. పొద్దున పెట్టె తెచ్చి బయట పెట్టి తలుపేసుకున్నాడు.

…చెప్పొద్దంటున్నావా?

…అది నిజమే. పడవ ఎలాగూ రాదు. బాబాయి నన్ను తిడతాడు, అమ్మ దూది సంగతి తెలుసుకుని… నిజమే. అన్నీ ఆలోచించాను.

…తాతయ్య పెద్దవాడు, ఎలాగూ పని మానేసే వయసే… అక్కా, అలా అనకు.

…వినవే. కుడి పక్క ఒక్క మేకు కూడా కదల్లేదు. ఒక్కటి కూడా. అది మొత్తం తాతయ్య చేత్తో కొట్టింది. మూడో రోజుకి మూసుకుంటుందన్నాడు, మూసుకుంది. అది ఎవరూ చూడట్లేదు. అందరూ విరిగిన పక్కే చూస్తున్నారు. తాతయ్య కూడా. తన చేతులు పోయాయని నమ్మేశాడు. నేను లేదన్నాను కాబట్టి నమ్మాడు. నా మాట నమ్మి, తన చేతుల్ని నమ్మడం మానేశాడు.

…హలో?

…ఆ. నేనింకేం చెప్పలేను. టైమెంత? …రెండు నలభై. మూడింటికి ఆయన వచ్చేస్తాడు.

…భయమేస్తోంది.

…నువ్వు పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు. ఏం మాట్లాడకు, ఊరికే ఉండు. నేను లోపలికి వెళ్తున్నాను.

…

పిన్నీ, ఏం లేదు. నీళ్ళు తాగుదామని. …అక్కే. మాట్లాడుతున్నా.

…

తలుపు దగ్గరున్నానక్కా.

తాతయ్యా.

తాతయ్యా, నేను. ఒక్కసారి తలుపు తియ్యవా?

…అన్నం తినమనడానికి కాదు.

…ఆయనింకా రాలేదు. నేనే. నీతో చెప్పాలి.

…తియ్యి తాతయ్యా.

…

…ఫోన్లో అక్కుంది. …కాదు, అక్క మాట్లాడదు. నేనే మాట్లాడాలి.

ఎడమ పక్క నేను కూరాను.

…దూది. మిగిలింది మొత్తం. నాన్నది. అమ్మ పారెయ్యమంది. పారెయ్యలేకపోయాను.

…నువ్వు పడుకున్నప్పుడు. నాలుగు రోజులు.

…నీ ఉలితోనే. నీ సుత్తితోనే.

…ఎవరూ చెప్పమనలేదు. నేనే వచ్చాను.

కుడి పక్క నీది తాతయ్యా. వెళ్ళి చూసుకో. ఒక్క మేకు కదల్లేదు. నీ చేతులకేం కాలేదు. అది చెప్పడానికే వచ్చాను. పెట్టె ఇవ్వకు.

…ఆ. అడిగావు.

…అడిగావు. లేదన్నాను.

…తెలుసు. ఆదివారమే చెప్పుంటే ఆగేది. తెలుసు తాతయ్యా.

…

ఏదో ఒకటి అను. తిట్టు. కొట్టినా సరే.

…

వంగకు తాతయ్యా, బరువు. నేను పడతాను, ఇటు నేను —

…సరే. ముట్టుకోను.

…

అక్కా. పెట్టె లోపలికి లాక్కుంటున్నాడు.

…ఆ. లోపలికే. గడప దాటించాడు.

తాతయ్యా…

…

…తలుపేసేశాడు.

…లేదు. గట్టిగా కాదు. మెల్లగా వేశాడు. గడియ కూడా మెల్లగానే పెట్టాడు.

…అన్నాడు. ఒక్క మాట. ‘వెళ్ళమ్మా’ అన్నాడు.

…గుమాస్తా అన్లేదక్కా.

…

…మీ గంట కొడుతున్నారు. నాకిక్కడికి వినపడుతోంది. వెళ్ళు, ఆలస్యమైతే నీ పని పోతుంది.

…ఎక్కడికీ వెళ్ళను. ఇక్కడే కూర్చుంటాను, తలుపు దగ్గర. చిన్న మేస్త్రి వస్తే చెప్పాలిగా ఎవరో ఒకరు, పెట్టె ఇవ్వట్లేదని. ఎందుకివ్వట్లేదో కూడా.

…అమ్మ ముందే. బాబాయి ముందే.

…ఆ. నోటితోనే చెప్తాను.

ఉంటానక్కా.